విశాఖపట్నంలో సన్ ఫిల్మ్ వ్యాపారం: సోషల్ మీడియాలో ఏం చూపాలి?

కార్ల అద్దాలకూ ఇళ్ల కిటికీలకూ సన్ ఫిల్మ్, అంటే ఎండను తగ్గించే పలుచని ప్లాస్టిక్ పొర, వేసే దుకాణాలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే వీడియోలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. తేటగా ఉన్న అద్దం, దానిమీద చల్లిన సబ్బునీళ్లు, నీళ్లు లాగే రబ్బరు పట్టీ (స్క్వీజీ) నాలుగుసార్లు ఆడేసరికి నల్లబడిన కిటికీ, వెనుక ఒక సినిమా పాట. చూడడానికి ఇంపుగానే ఉంటుంది గాని, ఆ వీడియో అమ్ముతున్నది నలుపును. ఇంటి యజమాని డబ్బు పెట్టేది గదిలో వేడి తగ్గాలని, సోఫా గుడ్డ వెలిసిపోకూడదని. కారు విషయానికి వస్తే ఆ నలుపుకే చట్టం అడ్డు. అంటే దుకాణం తనకు చేతనైన మంచి పనిని వెనక్కి నెట్టి, చిక్కు తెచ్చిపెట్టే పనికి ప్రచారం చేసుకుంటోంది. ఎండ పడే దిక్కు, సముద్రపు గాలి, తుపాను కాలం, ఈ మూడూ ఫిల్మ్ ఎంపికను ప్రభావితం చేసే విశాఖపట్నంలో చెప్పడానికి ఇంతకంటే చాలా ఎక్కువ విషయం ఉంది.

ఈ వ్యాపారంలో అసలు ఇబ్బంది ఏమిటంటే, ఫిల్మ్ నాణ్యత కంటికి కనిపించదు. ఒకే ఛాయలో ఉన్న రెండు ముక్కలను పక్కపక్కన పెడితే, ఏది రంగు కలిపిన సాదా పాలియెస్టరో, ఏది లోహపు పూత ఉన్నదో, ఏది సెరామిక్ కణాలు కలిసినదో ఆ పనిలో ఆరితేరినవారికి కూడా చూడగానే తెలియకపోవచ్చు. రేటులో మాత్రం కొన్ని రెట్ల తేడా ఉంటుంది. తేడా కనిపించని చోట కొనేవారు రేటునే చూస్తారు; ‘అడుగు ఎంత?’ అని నాలుగు దుకాణాలకు వాట్సాప్‌లో ఒకే ప్రశ్న పంపి, తక్కువ చెప్పినవారి దగ్గరికి వెళతారు. వారిని తప్పుపట్టడానికి లేదు, ఎందుకంటే పోల్చుకోవడానికి దుకాణాలు వారికి ఇంకేమీ ఇవ్వలేదు. కాబట్టి ఒక పోస్టు పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: కొనేవారు తమంతట తాము చూడలేని దేన్నైనా ఇది వారికి చూపిస్తోందా?

వేడిని కొలిచి చూపడం

సూర్యుడి నుంచి నేలకు చేరే శక్తిలో సగం, కాస్త అటూఇటూగా, కంటికి కనిపించని పరారుణ కిరణాలది. నలభై శాతానికి కొంచెం పైన కంటికి కనిపించే వెలుగుది. మిగిలిన కొద్ది శాతమే అతినీలలోహిత కిరణాలది. ఈ ఒక్క లెక్క తెలిసినవారికి ‘70 శాతం వెలుగు లోపలికి వస్తుంది, 90 శాతం వేడి ఆగిపోతుంది’ అన్న ప్రకటన ఎందుకు అసాధ్యమో వెంటనే అర్థమవుతుంది. వెలుగు వాటా 43 శాతం అనుకుంటే, అందులో 70 శాతం లోపలికి రావడమంటేనే మొత్తం శక్తిలో 30 శాతం వచ్చేసినట్టు. మిగిలిన కిరణాలన్నిటినీ ఒక్కటి కూడా విడవకుండా ఆపినా, ఆగేది 70 శాతం దాటదు. ఆచరణలో అంత కూడా రాదు. ఒక తెల్లబోర్డు, ఒక మార్కరు, ఒక నిమిషం వీడియో చాలు ఈ లెక్క చెప్పడానికి. ఖరీదైన కెమెరాతో తీసిన పది రీల్స్ కంటే ఆ ఒక్క నిమిషానికి విలువ ఎక్కువ.

ఇలాంటి ప్రకటనలు పుట్టడానికి ఒక కారణం ఉంది. కంపెనీల బ్రోషర్లలో పరారుణ కిరణాల నిరోధం అని ఒక శాతం, మొత్తం సౌరశక్తి నిరోధం అని మరొక శాతం ఉంటాయి. రెండోదాన్ని టీఎస్‌ఈఆర్ అంటారు. మొదటి అంకె సాధారణంగా పెద్దగా ఉంటుంది, ఎందుకంటే అది కిరణాలలో ఒక భాగానికి మాత్రమే సంబంధించినది. కొన్నిసార్లు ఆ భాగంలోనూ ఇరుకైన ఒక పట్టీలోనే కొలిచి రాస్తారు. గది ఎంత చల్లబడుతుందో చెప్పడానికి దగ్గరగా వచ్చేది రెండో అంకె. దుకాణం తన దగ్గరున్న ప్రతి రకానికీ ఈ రెండు అంకెలనూ, లోపలికి వచ్చే వెలుగు శాతంతో కలిపి ఒకే పట్టికలో ఉంచి, ఆ పట్టికను పేజీ పైభాగంలో పిన్ చేస్తే, కొనేవారికి రేటు కాకుండా మరొకటి కూడా పోల్చుకోవడానికి దొరుకుతుంది.

దుకాణాల్లో అందరికీ ఇష్టమైన హీట్ ల్యాంప్ ప్రదర్శన గురించి కూడా కొంత చెప్పుకోవాలి. ఎర్రటి దీపం ముందు రెండు గాజుపలకలు పెట్టి, వాటి వెనుక చేయి ఉంచి చూడమంటారు. ఫిల్మ్ ఉన్న పలక వెనుక చల్లగా, లేని పలక వెనుక చురుక్కుమన్నట్టు ఉంటుంది. అయితే ఆ దీపం ఇచ్చేది దాదాపు అంతా పరారుణమే గనుక, పరారుణాన్ని ఆపే ఏ ఫిల్మ్ అయినా అక్కడ అద్భుతం చేసినట్టే కనిపిస్తుంది. ఎండలో దాని పని అందులో కొంత వంతే. పైగా వేడిని వెనక్కి పంపకుండా పీల్చుకునే రకం ఫిల్మ్ పది సెకన్ల పరీక్షలో సులువుగా గట్టెక్కుతుంది, అరగంట గడిచాక అదే వేడెక్కి కొంత వేడిని గదిలోకి వదులుతుంది. ప్రదర్శన మానేయమని కాదు, దాన్ని నిజమైన ఎండలోకి తీసుకువెళ్లాలి. సీతమ్మధారలోనో ఎంవీపీ కాలనీలోనో పడమటి ఎండ కొట్టే కిటికీ ఒకటి ఎంచుకుని, సగం అద్దానికి ఫిల్మ్ వేసి, ఎండ తీవ్రతను కొలిచే సోలార్ పవర్ మీటరుతో ముందు బయట, తరువాత ఖాళీ అద్దం వెనుక, ఆ తరువాత ఫిల్మ్ వెనుక రీడింగు చూపించి, అరగంట తరువాత అదే చోట మళ్లీ చూపిస్తే ఆ వీడియోకు బరువు వస్తుంది. అద్దం వేడెక్కి లోపలికి వదిలే వేడిని ఆ మీటరు కూడా పూర్తిగా లెక్కించదు. ఆ మాట వీడియోలోనే చెప్పడం మంచిది.

దీనికి అనుబంధంగా తప్పక చేయవలసిన వీడియో మరొకటి ఉంది. ఫిల్మ్ వేసిన వారానికి ‘అద్దం ముట్టుకుంటే మునుపటికంటే వేడిగా ఉంది, మోసం జరిగింది’ అని ఫోన్లు వస్తాయి. వేడిని పీల్చే ఫిల్మ్ వేస్తే అద్దం వేడెక్కడం సహజమే. గది మధ్యలో పడే ఎండ తీవ్రత తగ్గిందా లేదా అన్నదే చూడవలసిన విషయం. ఫోన్లో వందసార్లు చెప్పే ఈ జవాబును ఒక్కసారి చిత్రీకరించి ఉంచితే, తరువాత లింకు పంపితే సరిపోతుంది. కస్టమర్ల ఫిర్యాదులు, సందేహాలు ఉన్న వాట్సాప్ చాట్లే నిజానికి దుకాణం దగ్గరున్న అతి పెద్ద కంటెంట్ గని.

అతినీలలోహిత కిరణాల విషయంలో పేరున్న ఫిల్ముల 99 శాతం నిరోధం అన్న మాట సాధారణంగా నిజమే. కాని కారు ముందు అద్దం రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న ల్యామినేటెడ్ అద్దం గనుక ఆ కిరణాలను అది ముందే చాలావరకు ఆపుతుంది; తేడా కనిపించేది పక్క అద్దాల దగ్గర. అలాగే కర్టెన్లు, చెక్క సామాను వెలిసిపోవడానికి ఆ కిరణాలతో పాటు వెలుగు, వేడి కూడా కారణాలే కాబట్టి ‘ఇక వెలిసిపోదు’ అనడం సరికాదు, ‘నెమ్మదిగా వెలిసిపోతుంది’ అనడం సరైనది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. రీల్ కింద రాసే ఒక్క వాక్యం కూడా ప్రకటనే.

కారు అద్దం, చట్టం

కార్ల ఫిల్మ్ గురించి దుకాణాలు ఎక్కువగా మౌనం పాటించేది చట్టం దగ్గరే. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 100వ నియమం ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుగు ప్రసరించాలి. 2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా కేసులో సుప్రీంకోర్టు ఒక అడుగు ముందుకు వేసి, వెలుగు శాతంతో సంబంధం లేకుండా అద్దాల మీద నల్ల ఫిల్మ్ అతికించడాన్నే నిషేధించింది. ఆ తరువాత ఆ నియమాన్ని సవరించారు. 2021 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన రూపంలో ‘సేఫ్టీ గ్లేజింగ్’ అన్న మాట చేరి, భారతీయ ప్రమాణం ఐఎస్ 2553కు లోబడి లోపలి వైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దానికి దారి ఏర్పడింది. ఈ సవరణ ఆధారంగానే 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, నిర్దేశించిన 70, 50 శాతాలకు తగ్గకుండా ఫిల్మ్ వాడినందుకు జరిమానా వేయరాదని తీర్పు చెప్పింది.

ఈ మొత్తం క్రమాన్ని ఒక వీడియోలో చెప్పగల దుకాణానికి నగరంలో ప్రత్యేకమైన గుర్తింపు వస్తుంది. కాని అక్కడే ఒక జాగ్రత్త కూడా అవసరం. కేరళ హైకోర్టు తీర్పు వేరే రాష్ట్రానిది. మద్దిలపాలెం జంక్షన్‌లోనో ఎన్ఏడీ దగ్గరో కారు ఆపిన అధికారి దాన్ని అలాగే అంగీకరిస్తారని దుకాణం హామీ ఇవ్వజాలదు. ‘చలానా పడదు, మాది పూచీ’ అన్న మాట పోస్టులో ఎక్కడా ఉండకూడదు. నల్ల అద్దాల కారును నంబరు ప్లేటుతో సహా రీల్‌గా పెట్టడమైతే, ఉల్లంఘన జరిగిందనీ అది ఎవరు చేశారనీ దుకాణానికీ కారు యజమానికీ వ్యతిరేకంగా సాక్ష్యం ఇచ్చుకోవడమే. అయినా అలాంటి రీల్స్‌కే లైకులు ఎక్కువ వస్తాయి. ఆ ఆశే దుకాణాలను అటు లాగుతోంది.

కార్ల వైపు అన్నిటికంటే ఉపయోగపడే రీల్ గుణకారం గురించినది. ఫిల్మ్ మీద రాసిన శాతం ఫిల్మ్‌ది మాత్రమే. అద్దం తనంతట తాను కూడా కొంత వెలుగును ఆపుతుంది. పక్క అద్దం గుండా 75 శాతం వెలుగు వస్తోందనుకుందాం. దానికి ‘50 శాతం’ ఫిల్మ్ వేస్తే మిగిలేది 37.5 శాతం, అంటే నియమం దాటినట్టే. ‘70 శాతం’ ఫిల్మ్ వేస్తే 52.5 శాతం మిగులుతుంది, అంటే హద్దులో ఉంటుంది. ఇక ముందు అద్దం సంగతి: అది సొంతంగా 78 శాతం పంపేదైతే, 90 శాతం వెలుగు పంపే దాదాపు పారదర్శకమైన ఫిల్మ్ వేసినా మిగిలేది 70 శాతానికి వెంట్రుకవాసి పైన. ఈ లెక్కను, వెలుగు శాతాన్ని కొలిచే టింట్ మీటరు అద్దానికి పెట్టి, ఫిల్మ్ వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి తెరమీద అంకె కనిపించేలా చూపాలి. ప్రతి కారుకూ ఇలా చేసి, ఆ రీడింగు ఫొటోను బిల్లుతో పాటు యజమానికి పంపడం అలవాటు చేసుకుంటే, ఆ ఫొటోను యజమానులే తమ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటారు.

ఎవరిని ఉద్దేశించి చెప్పాలన్నది కూడా నగరాన్ని చూస్తేనే తెలుస్తుంది. విశాఖలో కొత్త బండి కొన్నవారిలో చాలామంది షోరూము నుంచి నేరుగా ఆశీల్‌మెట్టలోని సంపత్ వినాయక గుడికి పూజకు వెళతారు. ఉగాది, దసరా, దీపావళి రోజుల్లో అక్కడ బారులు తీరే కార్ల యజమానులందరికీ ఆ వారంలోనే వచ్చే ప్రశ్నలు ఒకటే: షోరూములో అంటగట్టే ఫిల్మ్ తీసుకోవాలా, బయట వేయించాలా, వారంటీ పోతుందా, ఎంత శాతం వేయవచ్చు, లోహపు పూత ఉన్న ఫిల్మ్ ముందు అద్దానికి వేస్తే ఫాస్టాగ్, జీపీఎస్ సిగ్నల్ అందుతాయా. చివరి ప్రశ్నకు జవాబు స్పష్టం: లోహపు పొర రేడియో సంకేతాలకు అడ్డు రావచ్చు, సెరామిక్ రకానికి ఆ ఇబ్బంది లేదు. పండగకు పది రోజుల ముందు నుంచి ఈ ప్రశ్నలకు ఒక్కొక్కటిగా జవాబు చెప్పే వీడియోలు, పండగనాటి శుభాకాంక్షల పోస్టర్ కంటే ఎంతో మేలు. ఆ పోస్టర్లను ఎవరూ చూడరు, దుకాణం పెట్టినవారి బంధువులు తప్ప.

సముద్రం వైపు ఫ్లాట్లు

విశాఖకే ప్రత్యేకమైన విషయం ఇళ్ల దగ్గర మొదలవుతుంది. ఇక్కడి తీరరేఖ నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి సముద్రం ఉన్నది సరిగ్గా తూర్పున కాదు, ఆగ్నేయం వైపు. ఆర్కే బీచ్ నుంచి లాసన్స్ బే కాలనీ, రుషికొండ మీదుగా భీమిలి దాకా సముద్రం కనిపించేలా కట్టిన ఫ్లాట్లలో పెద్ద అద్దాలు, బాల్కనీ స్లైడింగ్ తలుపులు ఎక్కువగా అటే ఉంటాయి. నగరం 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు వేడి పైకప్పు మీద పడుతుంది గాని నిలువు కిటికీల మీద మధ్యాహ్నపు ఎండ నేరుగా పడేది తక్కువ. డిసెంబరులో మాత్రం సూర్యుడు ఆగ్నేయాన ఉదయించి, మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణాన దాదాపు 50 డిగ్రీల ఎత్తు దాటడు. అంటే సముద్రం వైపు అద్దాల మీద ఎండ అన్నిటికంటే తిన్నగా, ఎక్కువసేపు పడేది శీతకాలపు ఉదయాలలోనే.

దీనివల్ల కంటెంట్ క్యాలెండర్ తలకిందులవుతుంది. సన్ ఫిల్మ్ అంటే వేసవి వ్యాపారం అనుకుని మార్చి నుంచి మే వరకు రోజుకో పోస్టు పెట్టి, నవంబరు నుంచి జనవరి వరకు పేజీని నిద్రపుచ్చడం చాలా చోట్ల కనిపించే పద్ధతి. వేసవిలో మాట్లాడవలసింది నేరుగా తూర్పుకూ, పడమరకూ తిరిగి ఉన్న కిటికీల గురించి, ముఖ్యంగా సాయంత్రపు ఎండ కొట్టే పడక గదుల గురించి. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్ల గురించి మాట్లాడవలసిన కాలం పోటీదారులు మౌనంగా ఉండే ఆ శీతకాలపు నెలలే. ఫోన్‌లోని దిక్సూచి యాప్‌తో తమ కిటికీ దిక్కు చూసుకుని చెప్పమని అడిగే ఒక్క స్టోరీ పెడితే, ఎవరికి ఎప్పుడు ఏం చెప్పాలో దుకాణానికి ముందే తెలిసిపోతుంది. విజయవాడలా నలభై డిగ్రీలు దాటే రోజులు ఇక్కడ తక్కువ. తేమ వల్ల వచ్చే ఉక్కకు మాత్రం ఫిల్మ్ మందు కాదు. నేరుగా పడే ఎండ వేడి తగ్గుతుంది, గాలిలోని తేమ తగ్గదు అన్న తేడా చెప్పని దుకాణానికి జూన్‌లో ఫిర్యాదులు తప్పవు.

సముద్రం వైపు ఫ్లాట్ కొన్నవారు అదనంగా డబ్బు కట్టింది ఆ దృశ్యం కోసం. అక్కడ ముదురు ఫిల్మ్ వేయడమంటే కొన్న దాన్నే కప్పేసుకోవడం. ‘లోపలినుంచి బయటకు కనిపిస్తుంది, బయటనుంచి లోపలికి కనిపించదు’ అని అద్దంలా మెరిసే ఫిల్మ్‌ను అమ్ముతారు. ఆ గుణం ఫిల్మ్‌ది కాదు, వెలుగుది: ఏ వైపు వెలుగు ఎక్కువ ఉంటే ఆ వైపు నుంచి చూసేవారికి అద్దం మెరుస్తుంది. రాత్రి గదిలో దీపాలు వెలిగించగానే వ్యవహారం తారుమారవుతుంది. బయటివారికి లోపల అంతా కనిపిస్తుంది, లోపలివారికి ఔటర్ హార్బర్ బయట ఆగిన ఓడల దీపాలకు బదులు తమ హాలే కనిపిస్తుంది. ఈ విషయాన్ని దాచకుండా, ఒకే కిటికీకి మూడు రకాల ముక్కలు అతికించి, మధ్యాహ్నం రెండింటికీ రాత్రి ఎనిమిదింటికీ లోపలి నుంచీ బయటి నుంచీ తీసిన నాలుగు దృశ్యాలను పక్కపక్కన పెట్టిన వీడియో ఒక్కటుంటే, ఫ్లాట్ల వ్యాపారంలో దుకాణానికి అంతకంటే మంచి సేల్స్‌మన్ ఉండడు. రాత్రి గోప్యత కావాలంటే కర్టెన్ తప్పదనీ, స్నానాల గదికైతే ఫ్రాస్టెడ్ ఫిల్మ్ ఉందనీ అక్కడే చెప్పేయవచ్చు.

మధురవాడ, రుషికొండ కొండల మీది ఐటీ కార్యాలయాలకు ఈ భాష పనిచేయదు. అక్కడ నిర్ణయం తీసుకునేది ఫెసిలిటీ మేనేజరు. ఆయనకు కావలసింది చదరపు అడుగుల లెక్క, ఏసీ లోడు, పని ఎన్ని సెలవు రోజుల్లో అయిపోతుంది అన్న సమాచారం. అది లింక్డ్‌ఇన్‌లో రెండు పేజీల పీడీఎఫ్ పని, రీల్ పని కాదు.

ఉప్పుగాలి, వాన, తుపాను

ఫిల్మ్ ఎలా ఉందో వేసిన రోజు చెబితే చాలదు, మూడేళ్ల తరువాత ఎలా ఉందో చూపాలి. చవక రంగు ఫిల్మ్ ఎండకు రంగు విరిగి ఊదాగా మారుతుంది, జిగురు ఊడి బుడగలు లేస్తుంది. లోహపు పూత ఉన్న ఫిల్మ్ అంచులు తీరప్రాంతపు ఉప్పు తేమకు తుప్పు పట్టే ప్రమాదం ఉంది. అంచులకు సీలెంట్ వేయడం, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లకు లోహం లేని రకాన్ని సూచించడం అందుకే. పెద వాల్తేరులో వేసిన పనినీ, సముద్రానికి దూరంగా పెందుర్తిలో వేసిన పనినీ ఏడాదికోసారి వెళ్లి అదే కోణంలో ఫొటో తీసి పక్కపక్కన పెట్టడం వల్ల దుకాణానికి రెండు లాభాలు: పాత కస్టమరు పలకరించినందుకు సంతోషిస్తారు, కొత్త కస్టమరు అంచులు ఎలా ఉన్నాయో తమ కళ్లతో చూస్తారు. అంచు తుప్పు పట్టిన ఫొటో దొరికితే దాన్ని కూడా పెట్టాలి, దానికి ఏం చేశారో చెబుతూ.

పాత ఫిల్మ్ ఊడదీసే వీడియోలకు ప్రేక్షకులు ఎక్కువ. ఆవిరి పట్టి ఒకే పలకగా లాగడం చూడడానికి ఏదో తృప్తినిస్తుంది. దానికి రెండు వాక్యాల వివరణ, అంటే అది ఏ రకం ఫిల్మ్, ఎందుకు ఊదారంగుకు వచ్చింది, కారు వెనుక అద్దం మీద మసకను తొలగించే డీఫాగర్ గీతలు తెగకుండా ఎలా తీశారు అన్నది జోడిస్తే, వినోదం కాస్తా పాఠమవుతుంది.

నైరుతి రుతుపవనాల కాలంలో వేసిన ఫిల్మ్ వెనుక నీటి పొర ఆరడానికి మామూలు కంటే ఎక్కువ రోజులు పడుతుంది. అద్దం మసకగా, అక్కడక్కడా చిన్న నీటి తిత్తులతో కనిపిస్తుంది. అది లోపమని భయపడి కస్టమరు గోటితో నొక్కితే నిజంగానే లోపమవుతుంది. ఒకే కిటికీని మొదటి రోజు, పదో రోజు, నెల రోజుల తరువాత చూపే వీడియోను జులైలో పిన్ చేసి ఉంచాలి. నీటి తిత్తికీ, దుమ్ము రేణువు చిక్కుకున్న బుడగకూ తేడా దగ్గరగా చూపాలి. మొదటిది ఆరిపోతుంది, రెండోది ఆరదు, దాన్ని దుకాణమే ఉచితంగా మార్చాలి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం వైపు దుమ్ము ఎక్కువ ఉండే ప్రాంతాల్లో పని చేసేటప్పుడు గదిని ఎలా తుడిచి, ఫ్యాను ఆపి, అద్దాన్ని ఎన్నిసార్లు కడుగుతారో చూపడం కూడా ఇందులో భాగమే. గాజువాకలో ఇంటికి వచ్చి వేసే పనికీ, దుకాణం లోపల వేసే పనికీ నాణ్యతలో తేడా ఎందుకు రావచ్చో దాంతో తెలుస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకినప్పుడు అద్దాల ముఖభాగాలున్న భవనాలు ఎలా దెబ్బతిన్నాయో విశాఖవాసులు మరిచిపోలేదు. విమానాశ్రయం టెర్మినల్ కూడా తీవ్రంగా దెబ్బతింది. ఆ దృశ్యాలను మళ్లీ తిప్పి భయపెట్టి అమ్మడం అభిరుచి ఉన్న పని కాదు, అవసరమూ లేదు. సేఫ్టీ ఫిల్మ్ ఏం చేస్తుందో నమూనా గాజుపలక మీద సుత్తితో చూపితే చాలు: గాజు పగులుతుంది, ముక్కలు ఎగిరిపడవు. అది గాజు పగలకుండా ఆపదు, గాలినీ ఆపదు అని అదే వీడియోలో చెప్పాలి. మందం 100 మైక్రాన్లు ఉన్నదానికీ 200 మైక్రాన్లు ఉన్నదానికీ తేడా చూపాలి. ఫిల్మ్ అంచును ఫ్రేముకు గట్టిగా పట్టి ఉంచే జిగురుతో (స్ట్రక్చరల్ సిలికాన్) పట్టించకపోతే బలమైన గాలికి పగిలిన పలక మొత్తం ఒకే ముక్కగా ఊడి పడవచ్చన్న విషయం చాలామంది అమ్మకందారులు చెప్పరు. ఈ వీడియోలకు సరైన సమయం ఆగస్టు, సెప్టెంబరు. మందపాటి ఫిల్మ్ జిగురు పూర్తిగా పట్టడానికి వారాలు పడుతుంది కాబట్టి, బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడ్డాక ‘తుపాను ఆఫర్’ పెట్టే దుకాణం పనికిరాని సమయంలో పనికిరాని మాట చెబుతున్నట్టే.

వేయబోమని నిరాకరించిన పనులను చూపడం ఈ రంగంలో అరుదు, అందుకే అది గుర్తుండిపోతుంది. టెంపర్ చేయని, అంటే వేడిచేసి గట్టిపరచని, పెద్ద సాదా గాజుపలకకు వేడిని పీల్చే ముదురు ఫిల్మ్ వేసి, పైన సన్‌షేడ్ నీడ సగం అద్దం మీదే పడితే, ఎండలో ఉన్న భాగం వేడెక్కి, నీడలో ఉన్న భాగం చల్లగా ఉండి, ఆ ఒత్తిడికి అద్దం అంచు నుంచి పగిలే అవకాశం ఉంది. అంచు ముందే చిట్లిన అద్దం, వైరు ఉన్న గాజు, కొన్ని రకాల డబుల్ గ్లేజింగ్ (మధ్యలో ఖాళీతో రెండు పలకల అద్దం) విషయంలోనూ ఇదే ముప్పు. ‘ఈ కిటికీకి ఈ రకం వేయం, కారణం ఇది, బదులుగా ఇది వేయవచ్చు’ అని అద్దం దగ్గర నిలబడి కార్మికుడే చెప్పే నలభై సెకన్ల వీడియోలో ఎడిటింగ్ అవసరం కూడా ఉండదు.

ధర, భాష, మరికొన్ని

ధర చెప్పడానికి దుకాణాలు జంకుతాయి, పోటీదారు చూస్తాడని. పోటీదారుకు ఎలాగూ తెలుసు. చెప్పవలసింది ధర కంటే కొలత ఎలా వేస్తారన్నది. ఫిల్మ్ రోల్ వెడల్పు సాధారణంగా 5 అడుగులు. కిటికీ మూడున్నర అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు అనుకుంటే దాని వైశాల్యం పదిహేడున్నర చదరపు అడుగులు. అంచుల కోతకు కాస్త అదనం కావాలి గనుక రోల్‌ను అడ్డంగా తిప్పి సరిపెట్టడం కుదరదు, 5.2 అడుగుల పొడవు కోయాలి, అంటే రోల్ నుంచి పోయేది 26 చదరపు అడుగులు. మిగిలిన పొడుగాటి ముక్క వెంటిలేటరుకు పనికొస్తే అదృష్టం, లేకపోతే వృథా. బిల్లులో కొలత ఎక్కువ వేశారన్న అనుమానం ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. రోల్‌ను నేలమీద పరిచి, సుద్దతో కిటికీ గీసి చూపిస్తే ఆ అనుమానం ఉండదు. మిగిలిన ముక్కను కస్టమరుకే ఇచ్చేయడం ఇంకా మంచిది.

భాష విషయంలో విశాఖ ఒకే ముద్ద కాదు. ఇళ్ల యజమానులతో తెలుగులో, అందులోనూ ఇక్కడి మాట తీరులో మాట్లాడితే దగ్గరతనం వస్తుంది. నౌకాదళం, ఉక్కునగరం కుటుంబాలలో హిందీ మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. వారికోసం అదే వీడియోకు హిందీ సబ్‌టైటిల్స్ చాలు. పాటల సంగతి: ఇన్‌స్టాగ్రామ్ బిజినెస్ ఖాతాలకు సినిమా పాటల లైబ్రరీ పరిమితంగానే దొరుకుతుంది, అనుమతి లేకుండా వాడిన పాట కాపీరైట్ ఫిర్యాదుతో మూగబోతుంది. స్క్వీజీ గాజు మీద జారే చప్పుడు, హీట్ గన్ శబ్దం, కత్తి అంచు వెంబడి సాగే చిరుచప్పుడు ఆ పాటకంటే పనిని బాగా చూపుతాయి. నంబరు ప్లేట్లు, ఇంట్లోని దేవుడి గది, పిల్లల ఫొటోలు, ఏ అపార్ట్‌మెంటో పట్టిచ్చే గుర్తులు వీడియోలో పడకుండా చూసుకోవాలి, యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. డ్రోన్‌తో బీచ్ రోడ్డు భవనాన్ని తీస్తే అందంగా ఉంటుందన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉన్న నగరంలో అనుమతి లేని డ్రోన్ పోలీసు స్టేషన్ దాకా తీసుకువెళుతుంది.

ఫలితాన్ని లైకులతో కాకుండా, వచ్చే విచారణల తీరుతో కొలవాలి. నెల మొదట్లో వాట్సాప్ సందేశాలను రెండు కుప్పలుగా విడదీసి చూడవచ్చు. ‘అడుగు ఎంత?’ అని మాత్రమే అడిగినవి ఒకవైపు. ‘మాది ఏడో అంతస్తు, బాల్కనీ ఆగ్నేయం వైపు, రాత్రి సముద్రం కనిపించాలి, ఏ రకం వేస్తే మంచిది?’ వంటివి మరొకవైపు. రెండో కుప్ప పెరుగుతుంటే వాళ్లు ఏ వీడియో చూసి వచ్చారో అడిగి రాసుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో సమీక్ష రాయమని కోరేటప్పుడు కూడా నక్షత్రాలు అడగడం కంటే, కిటికీ ఏ దిక్కున ఉంది, ఏ రకం వేశారు, వేసి ఎన్నాళ్లయింది అన్న మూడు సంగతులు రాయమని కోరితే, తరువాత వెతికేవారికి ఆ సమీక్షే పోస్టుగా పనిచేస్తుంది.